దూరం జరిగాక కనిపించిన వాన

మొదటి ఫొటోలు చూపించినప్పుడు అక్క అడిగింది ఒక్కటే. "గద్ద బాగుంది. వాన ఏది?"

ఆ రోజు రెండు గంటల సేపు ఎడతెరిపి లేని వానలో నిలబడి వచ్చాను. ఆకుల మీద పడే నీళ్ల హోరు ఇంకా చెవుల్లోనే ఉంది. కంప్యూటర్ తెర మీద మాత్రం ఆ హోరు జాడే లేదు. ఫ్రేము నిండా తడిసిన గద్ద, వెనక తెల్లటి ఆకాశం, అంతే. ఈకలు అట్టకట్టి ఉన్నాయి కాబట్టి అది చెరువులో మునిగి వచ్చి కూర్చుందని చెప్పినా ఎవరైనా నమ్ముతారు. ఒక్కో ఈకా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చినందుకు ఆ ఫొటోలను చూసి మురిసిపోయాను. అక్క ప్రశ్న విన్నాక వాటిలో ఒక్కదాన్నీ దాచుకోబుద్ధి కాలేదు.

ఆ వానాకాలం మొత్తం ఆ ఒక్క ప్రశ్న వెంటే తిరిగాను.

నేను ఫొటోలు తీసిన పక్షి నల్ల గద్ద. ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, ఆస్ట్రేలియా ఖండాలన్నిటిలోనూ కనిపించే జాతి కాబట్టి దాన్ని అరుదైన పక్షి అనరు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, చివర చీలినట్టుండే తోక. చెరువు పక్కన ఎండిపోయిన చెట్టు ఒకటి ఉంది. వాన మొదలైతే ఈ గద్ద దాని పైకొమ్మ మీదికి చేరేది. ఎండ ఉన్న రోజుల్లో దాన్ని కొమ్మ మీద పట్టుకోవడం కష్టం. నేల వేడెక్కి గాలి పైకి లేస్తూ ఉంటే, ఆ గాలి మీద రెక్కలు చాపి గంటల తరబడి తేలుతూ ఉంటుంది. వానలో ఆ వేడిగాలి ఉండదు. ఎగరాలంటే ప్రతి రెక్కతోపుకూ సొంత బలమే ఖర్చుపెట్టాలి. అందుకే అది కూర్చుంటుంది, చాలాసేపు కూర్చుంటుంది. వేటపక్షిని ఫ్రేములో ఎక్కడ పెట్టాలో నిదానంగా ఆలోచించుకునే వ్యవధి వాన ఇచ్చినంతగా మరే వాతావరణమూ ఇవ్వదు.

ఆ వ్యవధిని నేను మొదట వాడుకున్నది దగ్గరికి వెళ్లడానికి. అక్కడే తప్పు చేశాను. ఆ తప్పు ఏమిటో తెలియడానికి చాలా వారాలు పట్టింది. అంతకుముందు తేలిగ్గా అర్థమైనది వెలుగు సంగతి.

చినుకు తనంతట తాను కనిపించదు. అది చిన్న గాజుగోళంలాంటిది. చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగును తనలోకి తీసుకుని వంచి మన కంటికి పంపుతుంది. దాని వెనక ఉన్నది కూడా తెల్లటి ఆకాశమే అయితే వెలుగులో వెలుగు కలిసిపోతుంది, చినుకు మాయమవుతుంది. వెనక చీకటిగా ఉంటే అదే చినుకు మెరుస్తుంది. ఇంట్లో కిటికీ దగ్గర నిలబడితే ఇది ఎవరికైనా తెలుస్తుంది. వాన పడుతోందో లేదో చూడటానికి మనం ఆకాశం వైపు చూడం, ఎదురుగా ఉన్న చెట్టు నీడలోకి చూస్తాం. ఆ అలవాటు పుట్టినప్పటి నుంచీ ఉంది, అయినా కెమెరా చేతికి రాగానే మరిచిపోయాను.

మరుసటి వానకు ఆ చెట్టు చుట్టూ అర్ధవలయంగా నడిచాను. చెరువు వైపు నుంచి చూస్తే గద్ద వెనక ఆకాశమే. ఇంకో వైపు నుంచి చూస్తే దూరంగా దట్టమైన తోపు ఉంది, కాని నేను పల్లంలో ఉండటంతో గద్ద తల ఆ తోపుకన్నా పైకి వచ్చి మళ్లీ ఆకాశంలోనే పడుతోంది. గట్టు ఎక్కి నిలబడ్డాను. అప్పుడు గద్ద మొత్తంగా ముదురాకుపచ్చ చీకటి ముందుకు దిగివచ్చింది. గట్టు ఎత్తు నా భుజాల దాకా కూడా ఉండదు. ఆ కాస్త ఎత్తుతోనే మొదటిసారి వ్యూఫైండర్‌లో వాన కనిపించింది, సన్నటి వెండి పోగుల్లా. గట్టు మీద నిలబడటం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. పక్షిని కింది నుంచి కాకుండా దాదాపు దాని కంటికి ఎదురుగా చూడగలిగాను.

వెనక చీకటి ఉన్నప్పుడు కెమెరా కొలత మోసపోతుంది. ఫ్రేములో ఎక్కువ భాగం ముదురుగా ఉండేసరికి మొత్తం వెలుగు పెంచేస్తుంది, దాంతో వాన గీతలు పాలిపోతాయి, తోపు బూడిద రంగుకు తిరుగుతుంది. వెలుగును రెట్టింపు చేసినా సగం చేసినా దాన్ని ఒక స్టాపు అంటారు. నేను మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి, ఫొటోలో ముదురు, లేత భాగాలు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ చూసుకుంటూ తీశాను. ఆకాశం వెనక ఉంటే దీనికి పూర్తిగా విరుద్ధం, ఒక స్టాపు పెంచకపోతే గద్ద నల్లటి ముద్దలా మిగులుతుంది.

తర్వాత షట్టర్ వేగం, అంటే ఫొటో తీసేటప్పుడు కెమెరా తలుపు తెరిచి ఉండే సమయం. పక్షుల ఫొటోలంటే 1/1000 సెకను అని చేతికి అలవాటైపోయింది. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. 1/1000 సెకనులో అది కదిలేది ఆరున్నర మిల్లీమీటర్లు. ఫొటోలో అది చిన్న మచ్చ అవుతుంది, చూసేవాళ్లు దాన్ని దుమ్ము అనుకుంటారు, లేదా అసలు చూడరు. 1/125కి అది అయిదు సెంటీమీటర్ల గీత అవుతుంది. 1/60కి దాదాపు పదకొండు సెంటీమీటర్లు. తోక నుంచి ముక్కు దాకా కొలిస్తే గద్ద పొడవు అరమీటరుకు కాస్త ఎక్కువ. దాని పక్కన పదకొండు సెంటీమీటర్ల గీత ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1/15 దాకా దిగి చూశాను. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొగమంచులా తయారయ్యాయి. తుంపర పడుతున్నప్పుడు 1/60, చినుకులు బరువుగా ఉన్నప్పుడు 1/125. నా చేతికి కుదిరిన లెక్క ఇది.

అంత నెమ్మదైన షట్టర్‌కు గద్ద కదలకూడదు. కూర్చున్న గద్ద కదలదనిపిస్తుంది గాని, గాలికి కొమ్మ ఊగుతుంది, వీపు మీద ఈక లేస్తుంది, తల చిన్నగా తిరుగుతూనే ఉంటుంది. ట్రైపాడ్ వేసి, ఒక్కో విడతకు పది పన్నెండు ఫ్రేములు తీసేవాణ్ని. వాటిలో కన్ను స్పష్టంగా వచ్చేవి రెండో మూడో. చాలా ఫ్రేముల్లో కన్ను పాలరంగులో ఉండేది. అది లెన్సు లోపం కాదు. పక్షులకు కనురెప్పలతో పాటు సగం పారదర్శకంగా ఉండే మూడో రెప్ప ఉంటుంది. చినుకు కంటి దగ్గర పడ్డప్పుడల్లా అది అడ్డంగా జారి కన్నును తుడిచి వెళ్తుంది. మన చూపుకు అందనంత వేగంగా జరిగిపోయే ఆ పనిని ఫొటోల్లోనే మొదటిసారి గమనించాను.

ఇంత చేసినా అక్క ప్రశ్నకు సగం జవాబే దొరికింది. గీతలు వచ్చాయి గాని, ఫ్రేము మొత్తంలో పదో పదిహేనో. మిగతా చోటంతా మసక మసక చారలు. బయట కుండపోతగా ఉన్న వాన ఫొటోలో పైపైన చల్లినట్టుంది. ఇంకా దగ్గరికి వెళ్తే మేలేమో అనిపించింది.

వెళ్లాను. అది నేను మరిచిపోలేని రోజు.

ఇరవై మీటర్ల దూరం నుంచి మెల్లగా ముందుకు కదులుతున్నాను. అంతవరకు భుజాల్లోకి ముడుచుకున్న మెడ ఒక్కసారి నిటారుగా సాగింది. ఈకలన్నీ ఒంటికి హత్తుకుని పక్షి సన్నబడింది. ఇవి బెదురు గుర్తులని నాకు తెలుసు. అక్కడే ఆగిపోవలసింది. ఇంకొక్క అడుగు వేశాను. అది రెట్ట వేసింది. వేటపక్షులు ఎగిరే ముందు చాలాసార్లు చేసే పని అది. మరుక్షణం కొమ్మ వదిలింది. నీళ్లు బరువెక్కించిన రెక్కలను కొట్టుకుంటూ, ఎత్తు అందక చెరువు నీళ్లకు దగ్గరగా వెళ్లి, అవతలి ఒడ్డున ఒక పొద మీద ఒరిగినట్టు వాలింది. ఎండ రోజున చూసిన ఆ పక్షేనా అనిపించింది. గంటసేపు కదలకుండా కాపాడుకున్న వెచ్చదనాన్ని, శక్తిని నా ఒక్క అడుగు కోసం ఖర్చు చేయవలసి వచ్చింది. ఆ రోజు మరి కెమెరా ఎత్తలేదు. గూడు దగ్గరైతే ఇలాంటి తప్పు ఇంకా ఘోరం. తల్లి లేచిన కొద్ది నిమిషాలకే గుడ్లు, ఈకలు రాని పిల్లలు చల్లబడిపోతాయి. అందుకే వానలో గూళ్ల వైపు కెమెరా పట్టుకుని వెళ్లను.

తర్వాతి వానకు నలభై మీటర్ల అవతలే ఆగిపోయాను. సిగ్గుతో ఆగాను గాని ఫొటో కోసం కాదు. కాని నేను వెతుకుతున్నది ఆ దూరంలోనే ఉంది.

ఎందుకో ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే తెలిసింది. నాది 500 మిల్లీమీటర్ల లెన్సు, బొమ్మను పట్టే సెన్సారు 36×24 మిల్లీమీటర్లది. ఇరవై మీటర్ల దూరంలో ఎఫ్ 5.6 (ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదై స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది) పెడితే ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చే లోతు సుమారు అరమీటరు. అంటే గద్ద చుట్టూ ఉన్న అరమీటరు మందం వానే గీతలుగా కనిపిస్తుంది. దానికి ముందూ వెనకా పడుతున్న వానంతా మసకలో కలిసిపోతుంది. అదే లెన్సుతో నలభై మీటర్ల నుంచి ఎఫ్ 8 పెడితే ఆ లోతు మూడు మీటర్లకు చేరుతుంది. ఆరు రెట్ల మందం. పైగా దూరం రెట్టింపయ్యేసరికి ఫ్రేములో పట్టే చోటు వెడల్పులోనూ ఎత్తులోనూ రెట్టింపు. పదో పదిహేనో ఉన్న చోట వందల గీతలు వచ్చాయి. ఒక్కో గీత ఫ్రేములో చిన్నదైంది, సన్నదైంది, పక్షిని కొట్టినట్టుగా కాక దాని చుట్టూ కురుస్తున్నట్టుగా కుదిరింది.

ఇంతకాలం పక్షి ఫొటోలో వాన ఎలా రప్పించాలా అని తంటాలు పడ్డాను. నిజానికి తీయవలసింది వాన ఫొటో, అందులో పక్షి ఉండాలి. ఇలా ఆలోచించిన రోజు నుంచి ఫ్రేము కట్టడమే మారిపోయింది.

పక్షి చిన్నదైనప్పుడు దాని ఆకారమే దాన్ని పట్టివ్వాలి. ఎదురుగా చూస్తున్న గద్ద దూరం నుంచి మొద్దులా ఉంటుంది. తల పక్కకు తిప్పి, కొక్కెంలా వంగిన ముక్కు చీకటి మీద విడిగా కనిపించినప్పుడే అది వేటపక్షి అని తెలుస్తుంది. తోక చీలిక కొమ్మ చాటుకు పోకుండా ఒక అడుగు అటో ఇటో జరిగేవాణ్ని. ఫ్రేమును నిలువుగా తిప్పి, గద్దను కింది మూడో వంతులో పెట్టి, పైనంతా ఖాళీ వదిలాను. చూసేవాళ్ల కళ్లు పై నుంచి వాన వెంట దిగి పక్షి దగ్గరికి చేరాలి. అడ్డంగా తీసిన ఫ్రేముల్లో వాన తెరలా ఉండిపోయింది, నిలువు ఫ్రేములో దానికి బరువు వచ్చింది.

గాలి సంగతి మాత్రం ఇప్పటికీ పూర్తిగా నా చేతికి చిక్కలేదు. కూర్చున్న పక్షి సాధారణంగా గాలికి ఎదురుగా తిరుగుతుంది. అప్పుడే ఈకలు ఒంటికి అణిగి ఉంటాయి. వెనక నుంచి గాలి కొడితే అవి లేచి, నీళ్లు లోపలికి పోతాయి. కాబట్టి గాలికి నా వీపు పెట్టి నిలబడితే పక్షి ముఖం నా వైపే ఉంటుంది, లెన్సు అద్దం మీద చినుకూ పడదు. రెండు మేళ్లూ ఒకేసారి. కాని అప్పుడు వాన నా దగ్గర నుంచి పక్షి వైపు వాలుతుంది కాబట్టి ఫొటోలో గీతలు నిలువుగానే వస్తాయి, ఈడ్చి కొట్టే వాన కూడా ప్రశాంతంగా కనిపిస్తుంది. ఏటవాలు గీతలు కావాలంటే గాలి నాకు పక్క నుంచి రావాలి. అప్పుడు గద్ద పక్కకు తిరిగి కూర్చుంటుంది, ముక్కు చక్కగా కనిపిస్తుంది, వాన దాని ముఖానికి ఎదురొస్తుంది. ముఖం ముందున్న ఖాళీలో ఆ గీతలు పడుతూ ఉంటే పక్షి ఓర్పు మొత్తం అక్కడే కనిపిస్తుంది. దానికి చెల్లించే మూల్యం లెన్సు తడవడం. ఒకసారి అద్దం మీద పడ్డ ఒక్క చుక్కను అరగంట దాకా గమనించలేదు. ఆ అరగంట ఫొటోలన్నిటిలోనూ సరిగ్గా గద్ద తల మీదే మెత్తటి మసక. అప్పటి నుంచి లెన్సు ముందు తొడిగే పొడవాటి గొట్టం, హుడ్, వదలను, ప్రతి విడతకూ ముందు అద్దం చూసుకుంటాను. పొడిగుడ్డలు రెండు చాలవు, నాలుగైనా ఉండాలి, అవీ లోపలి జేబులో ఉండాలి. చల్లటి గదిలోంచి నేరుగా తేమగాలిలోకి కెమెరా తీస్తే లోపలి అద్దాలకు కూడా ఆవిరి పడుతుంది కాబట్టి సంచీ మూత తీయకుండా కాసేపు బయట ఉంచుతాను.

ఫ్లాష్ ఒక్కసారి ప్రయత్నించి మానేశాను. దగ్గరగా పడుతున్న చినుకులు పెద్ద పెద్ద తెల్లటి బిళ్లల్లా వెలిగాయి, గద్ద వాటి వెనక దాక్కుంది. దాని కళ్లలోకి ఆ మెరుపు కొట్టడం కూడా నాకు నచ్చలేదు. ఆటోఫోకస్‌ను కూడా విశాలంగా వదిలితే ముందు పడే చినుకుల వెంట పోతుంది. ఒకే ఒక్క చిన్న బిందువును పక్షి మెడ మీద నిలిపి, ఫోకస్ కుదిరాక అక్కడే ఆపేస్తాను.

నలభై మీటర్ల దూరంలో ఉన్నాక దాన్ని చూసే తీరూ మారింది. బెదరని పక్షి చేసే పనులు అప్పుడే తెలిశాయి. తుంపరలో ఈకలు ఉబ్బించి గుండ్రంగా కూర్చునేది. వాన బలపడగానే అవన్నీ అణిచి, ఒంటిని నిలువుగా చేసి, తోకను సూటిగా కిందికి దించేది. నీళ్లు తల నుంచి వీపు మీదుగా తోక కొసకు చేరి, చీలిక రెండు కొనల నుంచీ చుక్క తర్వాత చుక్కగా రాలేవి. మొదటి గంటలో వీపు మీద నీళ్లు పూసల్లా నిలిచి జారిపోయేవి. ఈకలోని సన్నటి పోగులు ఒకదానికొకటి కొక్కేలతో ముడిపడి, మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి ముక్కుతో తీసి పూసుకునే నూనె ఆ ఈకలను మెత్తగా, పదిలంగా ఉంచుతుంది. రెండో గంటకు ఆ కాపుదల సడలేది. తల మీద, రొమ్ము మీద ఈకలు కుచ్చులు కుచ్చులుగా విడిపోయి, మధ్య నుంచి లేత రంగు బయటపడేది. అందుకే వాన ఎంతసేపటి నుంచి పడుతోందో పక్షిని చూసి చెప్పవచ్చు.

ఒళ్లు విదిలించుకోవడం కూడా చెప్పకుండా వచ్చేది కాదు. ముందుగా ఈకలన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకుని పక్షి ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. అది కనిపించిన వెంటనే షట్టర్ వేగం 1/1000కి పెంచి నొక్కాలి. సెకనో రెండు సెకన్లో ఒళ్లు అటూ ఇటూ మెలితిరుగుతుంది, చుట్టూ నీళ్లు చక్రంలా చిమ్ముతాయి. దానికి ఫ్రేము అడ్డంగా ఉండాలి, రెండు పక్కలా చోటుండాలి. నేను ఎప్పుడూ నిలువు ఫ్రేములో ఉండేవాణ్ని. నీటి చక్రం సగం తెగిపోయిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్క దానిలో మాత్రం చక్రం మొత్తం వచ్చింది, కాని తల ఊపులో ముఖం చెదిరిపోయింది.

నేను అట్టిపెట్టుకున్న ఫొటో వానాకాలం చివర్లో ఒక సాయంత్రం తీసినది. 1/60 సెకను, ఎఫ్ 8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సారు స్పందించే స్థాయి) 1600. గాలి ఎడమ నుంచి వస్తోంది. అప్పటిదాకా తల దించుకుని ఉండటంతో కనుబొమ్మ గట్టు నీడలో గద్ద కన్ను కనిపించడం లేదు. మబ్బు ఒక చోట పలచబడింది. గద్ద తల ఎత్తి అటు చూసింది. కంటి పైభాగంలో ఆకాశపు వెలుగు సన్నటి చంద్రవంకలా నిలిచింది. అంత దూరం నుంచి ఆ వంక ఫొటోలో చిన్న చుక్కే. కాని ఆ చుక్క లేని పక్క ఫ్రేములో గద్ద కొమ్మలో భాగంలా ఉంది.

కంప్యూటర్‌లో చేసింది తక్కువే. మధ్యలో నలభై మీటర్ల వాన ఉండటం వల్ల రంగులు కాస్త పాలిపోతాయి, కొద్దిగా గాఢత పెంచాను. మసకను తొలగించే పరికరం జోలికి పోలేదు, అది వానను కూడా తీసుకుపోతుంది. నాయిస్ (ఫొటోలో ఇసుక చల్లినట్టుండే మచ్చలు) తగ్గించడం కూడా పక్షి మీద మాత్రమే. ఫ్రేము మొత్తానికి వాడితే సన్నటి చినుకు గీతలను మరకలనుకుని తుడిచేసింది. పైన వదిలిన ఖాళీలో ఒక్క అంగుళం కూడా కత్తిరించలేదు. మెరుపు లేని కాగితం మీద అచ్చు వేయించాను, మెరిసే కాగితం మీద గది వెలుగు పడితే ఆ పోగులు కనిపించవు.

అక్కకు అది చూపించినప్పుడు ముందు ఏమీ మాట్లాడలేదు. కాగితం పై అంచు దగ్గర వేలు పెట్టి, ఏటవాలుగా కిందికి జరుపుకుంటూ వచ్చింది. గద్ద ముక్కు దగ్గరికి రాగానే వేలు ఆగింది.

"ఎంతసేపటి నుంచి తడుస్తోంది ఇది?" అని అడిగింది.

"రొమ్ము చూడు, కుచ్చులు కట్టింది. రెండు గంటలు దాటింది" అన్నాను.